మిర్తో హస్తవాసి

పెళ్లయిన కొత్తలోనే మా ఆయన స్త్రాతోస్ ఇంకో అమ్మాయి చేతిని అంత మురిపెంగా పొగుడుతాడని నేను కలలో కూడా అనుకోలేదు.

గ్రీసులోనే థాసోస్ ద్వీపంలో వారం పాటు సముద్రంలో నాని, ముక్కు మీద తోలు ఊడి, ఒకే గిన్నెలో ఒకే చెంచాతో పెరుగూ తేనే తిని, మా ఊరు తెస్సలోనికికి తిరిగొచ్చాం. మర్నాడు చెయ్యీ చెయ్యీ పట్టుకునే ల్యాబ్‌కి వెళ్లాం. దారిలో చూశాను, స్త్రాతోస్ చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో ఉంది. చెప్పలేదు. దాన్ని సరిచేసే హక్కు ఇప్పుడు నాది, తీరిగ్గా వాడుకుందామనుకున్నాను.

ఇంక్యుబేటర్లోంచి ఫ్లాస్కు తీసి మైక్రోస్కోపు కింద పెట్టగానే అతను కేకేశాడు.

"ఆంథూలా, ఇలా రా! ఎలా పెరిగాయో చూడు!"

అవి కాలేయ క్యాన్సర్ కణాలు. కణాలను పెంచే గులాబీ రంగు ద్రవంలో మామూలుగా దూడ రక్తంలోంచి తీసిన సీరం కలుపుతాం. అది మానేస్తే చాలా కణాలు డీలా పడతాయి. ఇవి మాత్రం సీరం చుక్క లేకపోయినా పెరుగుతాయి. దేని బలంతో అన్నదే స్త్రాతోస్ పరిశోధన. అతని చేతిలో అవి ఏనాడూ ఇంత ఒత్తుగా పెరగలేదు. మేం లేని వారం వాటిని చూసుకున్నది పక్క బల్ల మీద పనిచేసే మిర్తో.

"ఏం చేశావ్ మిర్తో? ఏం హస్తవాసి తల్లీ నీది!"

మిర్తో ఎర్రబడింది. స్త్రాతోస్ వైపు చూసి, నా వైపు చూసి, తల దించుకుంది. "నేనేం చేశాను, మామూలుగానే..." అని నసిగింది.

ఆ ఎర్రదనం నాకు ముల్లులా గుచ్చుకుంది. మా పెళ్లిలో మిర్తో మూడు చక్కెర బాదంపప్పులు రుమాల్లో కట్టుకెళ్లింది. పెళ్లి కాని పిల్ల వాటిని తలగడ కింద పెట్టుకుని పడుకుంటే చేసుకోబోయేవాడు కలలోకి వస్తాడని మా దగ్గర నమ్మకం. కాఫీ దగ్గర ఊరికే అడిగినట్టు అడిగాను.

"కల్లోకి ఎవరొచ్చారే?"

"నీకు చెప్పను పో," అంది, మళ్లీ ఎర్రబడి.

నాకెందుకు చెప్పకూడదు?

ఇంట్లోనూ అదే పాట. "మిర్తో చెయ్యి పడితే ఎండుకర్ర కూడా చిగురిస్తుంది," అన్నాడు, నేను వంకాయలు వేయిస్తుంటే.

"అయితే రేపట్నుంచి వంకాయలు కూడా ఆవిడే వేయిస్తుందిలే."

అతను పకపకా నవ్వి నా ముక్కు మీద ముద్దు పెట్టాడు. సగం కోపం కరిగింది. మిగిలిన సగం వంకాయలతో పాటు మాడింది.

"అది కాదు, ఈ ఏడాదంతా కణాల పని మిర్తోకి అప్పగిద్దామనుకుంటున్నా. ఆదివారాలు కూడా ఇద్దరం వెళ్లి చూసుకోవచ్చు."

ఆదివారాలు! ఆదివారం పొద్దున్న మీగడ కూరిన పొరల రొట్టె, బుగాత్సా, వేడివేడిగా కాగితంలో చుట్టించుకుని, ఒంటి మీద పంచదార పొడి రాల్చుకుంటూ సముద్రం పక్కన నడిచేది నేనూ అతనూ.

"నాకివ్వు. నేను చూసుకుంటా."

"నీది ఎలుకల పని కదే?"

"ఎలుకల్ని పెంచినదాన్ని, నాలుగు కణాల్ని పెంచలేనా?"

"సరే. వచ్చే శుక్రవారానికి ఫ్లాస్కు నిండితే నీవి. లేకపోతే మిర్తోవి. తర్వాత పేచీ పెట్టకూడదు."

మిర్తో కంటే బాగా చూసుకోవాలి. నాకు ఇంకేం పట్టలేదు. రోజూ పొద్దున్నే పాత ద్రవం పారబోసి, కణాలను కడిగి, గోరువెచ్చని కొత్త ద్రవం పోశాను. అవే కణాలతో మిర్తో తన దగ్గర ఉంచుకున్న ఫ్లాస్కులో గులాబీ నీళ్లు పసుపుపచ్చబడుతున్నాయి. "ఛీ, ఏంటే ఆ మురికి?" అని పైకే అన్నాను. నా ఫ్లాస్కు పన్నీరులా మెరిసింది.

మెరవడమే కానీ, నిండలేదు. అక్కడో గుంపు, ఇక్కడో గుంపు, మధ్యంతా బీడు.

"దిష్టి తగిలినట్టుంది," అని స్త్రాతోస్ నవ్వి, దిష్టి తగలకుండా కారులో వేలాడదీసే నీలం గాజు కన్ను తెచ్చి ఇంక్యుబేటర్ పిడికి కట్టాడు.

నేను నవ్వలేదు. ఆ గదిలో చెడ్డ కళ్లు ఎవరివో నాకు తెలుసు. మిర్తోని తిట్టుకోకుండా ఆ తలుపు ఒక్కసారైనా తీశానా? గాజు కన్ను నన్నే చూస్తున్నట్టుంది. జీవశాస్త్రంలో పట్టా ఉన్న నేను, ఎవరూ లేనప్పుడు దిష్టి పోవడానికి మావాళ్లు చేసినట్టే చొక్కా మెడ పక్కకి లాగి "ఫ్తూ ఫ్తూ ఫ్తూ" అని నా గుండెల మీద నేనే ఉమ్ముకున్నాను. అయినా కణాలు కదల్లేదు.

ఇక కాపు కాశాను. మిర్తో తన ఫ్లాస్కు తీసింది, చూసింది, పెట్టేసింది. మర్నాడూ అంతే. ఆపుకోలేక వరండాలో నిలదీశాను.

"ఏం పోస్తున్నావే దాంట్లో? నాకు తెలీకుండా ఎప్పుడు పోస్తున్నావ్?"

"అమ్మా తల్లీ, అరవకు. స్త్రాతోస్‌కి చెప్పనని ఒట్టెయ్."

"వేశాను. చెప్పు."

"నేనసలు రాలేదే!"

"ఏంటీ?"

"మీరెళ్లిన వారంలో ఒక్కసారే వచ్చా. అదీ వాన పడిందని. సగం నీళ్లు తీసి, సగం కొత్తవి పోసి పారిపోయా. మిగతా వారమంతా సిథోనియాలో సముద్రపొడ్డునే ఉన్నా."

"ఎవరితో?"

"బాదంపప్పుల వాడితో. పడవలకి రంగులేస్తాడు. ముందే తెలుసులే, కల్లోకొచ్చాక ఖాయమైంది. మీ ఆయన పొద్దస్తమానం హస్తవాసి హస్తవాసి అంటుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాననుకో!"

నాకు ఎంత తేలికైపోయిందంటే, అక్కడే దాన్ని వాటేసుకున్నాను. వెంటనే మళ్లీ మండింది. ఇది సముద్రపొడ్డున పడుకుని కూడా నన్ను గెలిచిందన్నమాట! ఏమీ చెయ్యకుండానే...

ఏమీ చెయ్యకుండా.

అక్కడ ఆగిపోయాను. అది పారబోయలేదు, నేను రోజూ పారబోస్తున్నాను. ఆ కణాలు ఏదో వదులుతున్నాయి. వదిలినదాన్ని మళ్లీ తామే తాగి పెరుగుతున్నాయి. రోజూ పొద్దున్నే శుభ్రం పేరుతో నేను సింకులో పోసినది వాటి ఎంగిలి. థాసోస్‌లో ఒకే చెంచాతో వారం గడిపినదాన్ని, ఆ మాత్రం తట్టలేదు.

నిజమో కాదో చూడాలంటే ఆ ఎంగిలి ఊరిన నీళ్లు కావాలి. నా ఫ్లాస్కులో కణాలే పలచన. ఒత్తుగా ఉన్నది మిర్తో దగ్గరే. గతిలేక దాని బల్ల దగ్గరికి వెళ్లాను.

"మిర్తో, నీ పాత నీళ్లు కాసిని ఇస్తావా?"

"ఏవీ, మొన్న ఛీ అన్నావే, అవా?"

"అన్నాన్లే. ఇస్తావా, బతిమాలించుకుంటావా?"

"కాసేపు బతిమాలు. బావుంది."

బతిమాలాను. ఆ నీళ్లలో ఒక్క కణం కూడా మిగలకుండా వడకట్టాం. ఒకే రకం కణాలను రెండు ఫ్లాస్కుల్లో సమానంగా వేశాను. ఒకదానికి రోజూ కొత్త ద్రవం. రెండోదానికి కొత్తది సగం, మిర్తో పచ్చనీళ్లు సగం పోసి ఊరుకున్నాను. ఊరుకోవడమే కష్టమైంది. చేతులు దురద పెట్టి ఎలుకల బోనులన్నీ రెండేసిసార్లు కడిగాను.

శుక్రవారం స్త్రాతోస్ మొదటి ఫ్లాస్కు చూసి నిట్టూర్చాడు. రెండోది చూసి తల ఎత్తలేదు.

"ఇది ఎవరిది?"

"రెండూ నావే."

"మరి ఇదెలా నిండింది?"

మిర్తో తన బల్ల దగ్గర ఊపిరి బిగబట్టింది. సిథోనియా అన్న ఒక్క మాట చాలు, హస్తవాసి పాట ఆగిపోతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఒట్టు గుర్తొచ్చి మింగేశాను.

"హస్తవాసీ లేదు, దిష్టీ లేదు. అవి తమ ఎంగిలి తామే తాగి పెరుగుతున్నాయి. మిర్తో ఆ నీళ్లు ఉంచింది, నేను పారబోశాను. అంతే తేడా."

అతను కుర్చీలోంచి లేచిపోయాడు. "అంటే పెంచేది ఆ నీళ్లలోనే ఉంది! వాటి నుంచే వస్తోంది! మిర్తో, నీకు ముందే అనుమానమొచ్చిందా?"

"అనుమానమంటే... ఏదో, కదపకుండా వదిలేశాను," అంది మిర్తో నేల చూస్తూ.

"చూశావా ఆంథూలా, హస్తవాసంటే అదీ!"

ఏం చెయ్యను? పళ్లు కొరుక్కున్నాను. కానీ అతను మాట తప్పలేదు. కణాలు నావయ్యాయి, వాటితో పాటు ఆదివారాలూ.

ఆదివారం మిర్తో సిథోనియా వెళ్లింది. ల్యాబ్‌లో మేమిద్దరమే. అతను బుగాత్సా సగం కొరికి మిగతాది నా నోట్లో పెట్టాడు. ఎంత బావుందో! పంచదార పొడి అతని గడ్డం మీద, నా చేతి మీద. అప్పుడు ఫ్లాస్కు వెలుగుకి ఎత్తి పట్టుకుని అన్నాడు:

"ఇది చూడ్డానికి మిర్తో కూడా ఉండాల్సింది."

ఎవరూ చుక్క కూడా పొయ్యకుండానే నా లోపల మళ్లీ ఏదో ఊరింది. అతని చొక్కా గుండీ ఆవేళ కూడా తప్పు కాజాలో ఉంది. చూశాను. సాయంత్రం దాకా చెప్పలేదు.