గుట్ట మీది సారా, రోడ్డు మీది అంగడి

హైవే పక్కన వైన్ షాపు పెడతారన్న మాట ఊళ్లో పొక్కిన మధ్యాహ్నమే ఆడవాళ్లంతా రామేశ్వరమ్మ ఇంటికొచ్చారు. ఆమె వసారాలో కూర్చొని కందులు చెరుగుతోంది. ఎండకు ముఖాలు కందిపోయిన ఆడవాళ్లు గడప ముందు నిలబడ్డారు. వాళ్లందరి తరఫునా సిద్దమ్మ నోరు విప్పింది.

"అక్కా, మళ్ళా కొంగు బిగించాల. గ్రామసభలో వాళ్లు తీర్మానం చేసేలోపలే మనం అడ్డం పడాల."

రామేశ్వరమ్మ చేట కింద పెట్టింది. "ఈసారి నేను రాలేను సిద్దమ్మా."

"నువ్వు రాకుంటే ఎవరొస్తారు? పోయినసారి ముందు నడిచింది నువ్వే కదా!"

"అందుకే రాలేనంటాండా. అంగడి వద్దనాల్నో, కావాలనాల్నో నాకే తెలీడంల్యా. దారి తెలీకుండా మిమ్మల్నందర్నీ యాడికని నడిపించేది?"

ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సిద్దమ్మ వెనక్కి తిరిగింది. మిగతావాళ్లూ ఆమె వెంటే పోయారు.

బండమీదిపల్లె ఓర్వకల్లు దాటాక హైవేకి కాస్త లోపలగా, రాతిగుట్ట కింద ఉంటుంది. వానొస్తే కందీ ఆముదమూ, రాకపోతే కర్నూలులో కూలిపని. రామేశ్వరమ్మ పుట్టినిల్లూ మెట్టినిల్లూ ఆ ఊరే. మొగుడు ఓబన్న చుట్ట తప్ప ఏదీ ముట్టడు. తాగుడంతా ఆమె తమ్ముడు వీరభద్రకు వచ్చింది. గోడ కడితే తాడు పట్టి చూడక్కర్లేదని పేరున్న మేస్త్రీ వీరభద్ర. అయినా వారం కూలి ఆదివారం దాటి మిగిలేది కాదు.

కొన్నేళ్ల కిందట పుల్లన్న తన చిల్లర అంగట్లోనే పప్పుప్పులతో పాటు క్వార్టరు సీసాలు అమ్మేవాడు. లైసెన్సూ గిసెన్సూ లేదు. బెల్టు షాపు అనేవాళ్లు దాన్ని. పొద్దున కాఫీ తాగాల్సిన వేళకే మగవాళ్లు అక్కడ చేరేవాళ్లు. అప్పుడు పొదుపు సంఘం ఆడవాళ్లను కూడగట్టి, ఆ సీసాలను బజార్లోకి ఈడ్చి బండ మీద పగలగొట్టించింది రామేశ్వరమ్మే. స్టేషను ముందు రోజంతా కూర్చుంది. పుల్లన్న అంగడి మూసుకున్నాడు. పేపర్లో ఫోటో పడింది.

నిజం చెప్పాలంటే మొదటి ఏడాది ఊరు తెరిపిన పడింది. కూలి దుడ్లు ఇంటికొచ్చాయి. వీరభద్ర కూతురు భువనను కర్నూలులో నర్సింగుకు చేర్చింది ఆ ఏడే. ఆ తర్వాత సంగతి మెల్లగా మారింది. తాగాలంటే ఓర్వకల్లు దాకా పోవాలి, ఆటో చార్జీ పెట్టుకోవాలి. అంత దూరం పోలేనివాళ్ల కోసం పుల్లన్న గుట్ట వెనక మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి సీసాలు లేవు, క్యాన్లలో సారా వచ్చేది. అది ఎక్కణ్ణుంచి వచ్చేదో, ఎవరు కాచేవారో ఎవరికీ తెలియదు. మునుపైతే అంగడి ముందు నిలబడి మొగుణ్ణి నాలుగు తిట్టి ఇంటికి లాక్కొచ్చుకోడానికన్నా వీలుండేది. ఇప్పుడు ఏ బండ చాటున కూర్చున్నాడో వెతకడమే ఒక పనైంది. పోలీసులు ఒకటి రెండుసార్లు వచ్చి, క్యాన్లు మోసే కుర్రాళ్లను పట్టుకుపోయారు. వారం తిరక్కుండానే వేరే కుర్రాళ్లు మోశారు.

అట్లా ఒక ఎండాకాలం వీరభద్ర, పక్కింటి గోపన్న కలిసి గుట్టెక్కారు. మర్నాడు పొద్దెక్కినా వీరభద్ర మంచం దిగలేదు. కడుపు పట్టుకొని మెలికలు తిరుగుతూ, "ఏమి శివలీలా, ఇంత మంచు పడతాండాది?" అని పెండ్లాన్ని అడిగాడు.

"ఎండాకాలంలో మంచు యాడిదయ్యా?" అంది శివలీల. అని, అతని కండ్లలోకి చూసి కేకలు పెడుతూ వదిన ఇంటికి పరిగెత్తింది.

ఇద్దర్నీ ఒకే ఆటోలో కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. గోపన్న దారిలోనే ప్రాణం విడిచాడు. వీరభద్ర బతికాడు గానీ చూపు పోయింది. సారాలో ఏదో స్పిరిట్ కలిపారని, అది కంటి నరాలను కాల్చేసిందని, ఇక రాదని డాక్టరు చెప్పాడు. పుల్లన్నను అరెస్టు చేశారు. బెయిలు మీద బయటికొచ్చి, కొన్నాళ్లకు మళ్ళీ క్యాన్లు తెప్పించాడు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. ఆ సారా కాచినవాడి పేరు మాత్రం నేటికీ బయటికి రాలేదు.

ఊళ్లో ఒక మాట పుట్టింది. అంగడి మూయించింది, తమ్ముని కండ్లు పోగొట్టింది అని. ఎవరూ ఎదురుగా అనలేదు. ఆమెకు చేరకుండానూ పోలేదు.

ఆడవాళ్లు వచ్చిపోయిన సాయంత్రం రామేశ్వరమ్మ తమ్ముడి ఇంటికి పోయింది. వీరభద్ర అరుగు మీద కూర్చొని గోడకు వీపు ఆనించుకున్నాడు. అడుగు చప్పుడుకే అక్కని గుర్తుపట్టాడు.

"అంగడి వస్తాదంట కదక్కా. రానీ. ఆ పొద్దు ఊర్లో సర్కారు ముద్రుండే సీసా దొరికుంటే, గోపన్న ఈ పొద్దుకి బతికుండేవోడు. నాకు కండ్లుండేవి."

లోపల రొట్టె కాలుస్తున్న శివలీల చేతిలో పిండితోనే బయటికొచ్చింది. "అంగడుంటే కండ్లుండేవంట! వినినావా వదినా? అంగడున్నన్నాళ్లూ ఈయప్ప ఎట్లా తాగినాడో నాకు తెల్దా? ఇంకో రెండేండ్లు అంగడుండింటే కార్జం చెడి ఎప్పుడో పోయుండేవోడు. మూయించినారు కాబట్టి, గుడ్డోడో కుంటోడో, నాకు మిగిలినాడు."

"నేను పోయింటే నీకు సుఖమేలే."

"గమ్మునుండు. కూతురు పక్కనుండాది."

భువన సెలవుకు వచ్చి ఉంది. నర్సింగు అయిపోయి పెద్దాసుపత్రిలో తాగుడు మాన్పించే వార్డులో పని చేస్తోంది. రొట్టెలు తిరగేస్తూ అంతా వింటున్న ఆ పిల్లను మేనత్త అడిగింది, "నువ్వు రోజూ చూస్తాంటావు కదమ్మా. నువ్వేమంటావు?"

భువన కాలిన రొట్టె పెనం మీంచి దించింది. "ఏం చెప్పేది అత్తా! మా వార్డుకు గంజాయి తాగే పిల్లలూ వస్తారు. పట్టుకుంటే జైల్లో వేస్తారని భయపడి, దాచి దాచి, చేయి దాటినాక వస్తారు. బ్రాందీ తాగేవాళ్లకు ఆ భయం లేదు. అందరూ తాగేదే కదా, ఇది రోగమా ఏమన్నానా అని, వాళ్లూ చేయి దాటినాకే వస్తారు. గంజాయి కూడా అంగట్లో పెట్టి అమ్మితే ఈ పోలీసులూ కేసులూ పోతాయని మా హాస్టల్లో కొందరంటారు. కేసులు పోతాయేమో. మా వార్డులో మంచాలు ఖాళీ అవుతాయని మాత్రం నాకు నమ్మకం లేదు."

గ్రామసభ బడి ఆవరణలో పెట్టారు. సర్పంచు నారాయణ చెడ్డవాడు కాదు. గోపన్న పాడెకు భుజం పట్టినవాడు. లేచి సూటిగానే మాట్లాడాడు.

"మన మొగోళ్లు తాగకుండా ఉంటారని ఎవరన్నా చెప్పండి, ఈ అంగడి వద్దని నేనే రాసిస్తా. ఉండరు. ఆ తాగేదేదో లైసెన్సుండేదాని కాడ తాగితే, ఇంగొకరు గోపన్న మాదిరి పోకుండా ఉంటారు. గుట్ట మీద పోలీసులు తిరిగే పనీ ఉండదు."

"సర్కారు ముద్రుంటే పెండ్లాన్ని కొట్టకుండా ఉంటారా సర్పంచప్పా?" అని సిద్దమ్మ వెనకనుంచి అరిచింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యే అందరి చూపులూ రామేశ్వరమ్మ మీదికి మళ్ళాయి. ఆమె లేవక తప్పలేదు.

"నారాయణప్ప చెప్పేదీ నిజమే, సిద్దమ్మ చెప్పేదీ నిజమే. అంగడి మూస్తే తాగుడు పోతాదనుకున్నా నేను. పోల్యా. గుట్టెక్కింది. కంటికి కనపడేదుంటే దాంతో కొట్లాడొచ్చు, కనపడనిదాంతో ఎట్లా కొట్లాడేది? అందుకని నేను అడ్డం పడను. బడి కాడ వద్దు, ఊరి లోపల వద్దు. హైవే అవతల పెట్టుకోండి. చిల్లర అంగళ్లలోకి ఒక్క సీసా వచ్చినా నేనే పగలగొడతా. ఇంగొక మాట. అంగడి వస్తే చావులు తగ్గుతాయని చెప్పండి, ఒప్పుకుంటా. తాగేవోళ్లు తగ్గుతారని మాత్రం చెప్పొద్దండి. అది అబద్ధం."

సభ ఆ మాటలకే ఒప్పుకుంది. సిద్దమ్మ మాత్రం ఆ రోజు నుంచి రామేశ్వరమ్మతో మాట్లాడడం మానేసింది. నీళ్ల ట్యాంకు దగ్గర ఎదురైతే బిందె చంక మార్చుకొని పక్కకు తిరిగేది.

హైవే అవతల షాపు తెరిచారు. అప్పట్నుంచి గుట్ట మీదికి ఎవరూ పోలేదు. సారా క్యాన్లకు గిరాకీ లేక పుల్లన్న కల్లూరుకు షేర్ ఆటో తోలుకోవడం మొదలుపెట్టాడు. పోలీసు జీపు ఊళ్లోకి రాలేదు. కల్తీ తాగి ఎవరూ పోలేదు. నారాయణ చెప్పినవన్నీ జరిగాయి.

సిద్దమ్మ భయపడినవీ జరిగాయి. మునుపు గుట్టెక్కేవాళ్లు తలకు టవలు చుట్టుకొని, ఎవరన్నా చూస్తారేమోనని దొంగల్లా పోయేవాళ్లు. ఇప్పుడు ముఖం కడుక్కొని, తల దువ్వుకొని, టీ హోటలుకు పోయినట్టు పోతున్నారు. సిగ్గు అనే కాస్త అడ్డు కూడా లేకుండా పోయింది. సిద్దమ్మ చిన్నకొడుకు నాగరాజ్ విమానాశ్రయం దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తాడు. గుట్ట వైపు ఎన్నడూ పోనివాడు, జీతం రోజు స్నేహితులతో షాపుకు పోవడం అలవాటు చేసుకున్నాడు. తర్వాత జీతం రోజుతో పని లేకుండా పోయింది.

ఒక మధ్యాహ్నం రామేశ్వరమ్మ సంఘం పని మీద ఓర్వకల్లు పోయి తిరిగొస్తూ ఆటో దిగింది. షాపు రేకుల నీడలో వీరభద్ర కూర్చొని కనిపించాడు. ఒక్కడే. రోడ్డు అంచు కాలితో తడుముకుంటూ హైవే దాటి వచ్చినట్టున్నాడు. లారీలు తిరిగే రోడ్డు. ఆమె తిట్టాలని గబగబా పోయింది.

"అక్కా, నువ్వేనా?" అన్నాడు అతను, చేతిలో సీసా దాచుకోకుండానే. "కోప్పడొద్దు. సీలు తడిమి చూసినా. గట్టిగుండాది. ఇది మంచి సరుకే, దీంతో కండ్లు పోవు." తనే నవ్వాడు. "పోయేదానికి ఇంగ లేవు కూడా."

తిట్టడం మాని ఆమె అతని పక్కన గట్టు మీద కూర్చుంది. షాపు కిటికీ లోపలి కుర్రవాడు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు.

"మంచి సరుకేరా. నేను కాదంటాండానా? మరి నీ చేతులెందుకు వణుకుతాండాయి?"

వీరభద్ర సీసా కింద పెట్టాడు. "తాగకుంటే వణుకుతాండాయక్కా. తాగితే నిలబడతాండాయి. ఈ చేతులతోనే కదా నేను గోడ కట్టింది! ఇప్పుడు అన్నం ముద్ద కూడా నిలవడంల్యా."

ఆ మాట అన్నప్పుడు అతని గొంతు చిన్నప్పటి గొంతులా వినిపించింది ఆమెకు. ఏడుపొచ్చింది. ఏడవకుండా భువనకు ఫోను చేసింది. ఇంట్లో కట్టేసి, ఒక్కసారిగా తాగుడు మాన్పించొద్దని, ఫిట్స్ వస్తాయని, వెంటనే వార్డుకు తీసుకురమ్మని భువన చెప్పింది. మర్నాడే వదినా మరదలూ అతన్ని చెరో చెయ్యి పట్టుకొని బస్సెక్కించారు.

వార్డు బయట బెంచీ మీద కల్లూరు నుంచి వచ్చిన ఒకామె కూర్చుని ఉంది. ఆమె కొడుకు శామ్ గంజాయికి అలవాటుపడి, ఒకసారి పోలీసులకు దొరికి, చదువు మానేసి కూర్చున్నాడట.

"మీవాణ్ణి కూడా పోలీసులు పట్టుకున్నారామ్మా?" అని అడిగిందామె గొంతు తగ్గించి.

"లేదమ్మా. మావాడు అంగట్లోనే కొన్నాడు, బిల్లేసి."

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "బిల్లేసి కొన్నా ఈడికే వస్తారా?"

"ఈడికే వస్తారు," అంది రామేశ్వరమ్మ. "కాకుంటే మీవాడి మీద కేసుండాది, మావాడి మీద లేదు. రేపు మీవాడు బాగైనా ఉద్యోగానికి ఆ కేసు అడ్డం పడతాదేమో. అదొక్కటే తేడా మాదిరుండాది."

అది చిన్న తేడా కాదని ఆ తల్లి ముఖం చూశాక ఆమెకు తెలిసింది. సంచీలోంచి అరటిపండ్లు తీసి ఆమెకు రెండిచ్చింది.

వీరభద్ర కుదుటపడి ఇంటికొచ్చాడు. కొంతకాలం బాగున్నాడు. గోపన్న పోయిన తిథి నాడు మళ్ళీ తాగాడు. మళ్ళీ తీసుకుపోయారు. ఈసారి వచ్చాక, పక్కూళ్లో గోడ లేపుతుంటే తోడు మనిషిని తీసుకొని పోయి, రాయి మీద రాయి చేత్తో తడిమి, ఎక్కడ వంకర పోయిందో చెప్పి వస్తున్నాడు. కూలి ఏమీ పెద్దగా రాదు. శివలీలకు అదే పెద్ద పండగ. అంగడుంటే కండ్లుండేవని అతనూ, అంగడుంటే నువ్వే ఉండేవాడివి కాదని ఆమే, ఇప్పటికీ పోట్లాడుకుంటూనే ఉన్నారు.

ఒక పొద్దున సిద్దమ్మ రామేశ్వరమ్మ గడప దగ్గరికి వచ్చి నిలబడింది. ఇన్నాళ్ల పంతం ఎక్కడ దించుకోవాలో తెలియనట్టు చాలాసేపు కొంగు నలుపుకుంది.

"అక్కా, ఆ వార్డుకు పొద్దున పోవాల్నా, మధ్యాన్నమా?"

"పొద్దునే. నేనూ వస్తా, పద," అంది రామేశ్వరమ్మ చెప్పులు వేసుకుంటూ.

బస్సులో నాగరాజ్ కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. తల్లి అతని చొక్కా గుండీలు సర్దుతూ, కర్నూలు వచ్చేదాకా ఒకటే మాట. "ఏమన్నా అనుకో, ఆ అంగడి తీయించాల్సిందే అక్కా. అది లేకుంటే నా కొడుకు దీని ముఖం చూసేవోడు కాదు."

రామేశ్వరమ్మ సంచీ భుజానికి తగిలించుకుంది.

"ఆ పంచాయితీ ఇంటికి పోయినాక పెట్టుకుందాం సిద్దమ్మా. స్టాపొచ్చింది, పిల్లోణ్ణి లేపు."