రెండు నిమిషాల సాక్ష్యం

శనివారం పొద్దున నేను మా ఆయన సుభాష్ తెల్లచొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుంటే, అబద్ధ బోధకులను పరీక్షించమన్న మాట బైబిల్లో ఎక్కడుందని ఆయన కుర్చీలోంచే అడిగాడు. చెప్పాను. పదకొండేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. రెడ్డిగూడెం పక్కనున్న మా చిన్న సంఘానికి ఆయన పెద్ద. ఆయన ప్రసంగానికి వాక్యాలు వెతికేది, వరసలో పెట్టేది, ఏ మాట ఎవరికి ఎందుకు రాశారో విడమరిచేది నేను, పొయ్యి మీద తాలింపు మాడకుండా చూసుకుంటూ. మా అమ్మ విస్సన్నపేట చుట్టుపక్కల ఊళ్ళు కాలినడకన తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పిన మనిషి. నాకు వచ్చిందంతా ఆమె నేర్పిందే. ప్రసంగం బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే ఆయన అంతా దేవుని కృప అంటాడు. ఆ కృప వంటింట్లో చెమటలు కక్కుతోందని ఎన్నడూ అనలేదు.

మా సంఘంలో ఆడవాళ్ళు బోధించకూడదు. సాక్ష్యం మాత్రం చెప్పొచ్చు. ముసుగు సరిచేసుకుని, నాకు ఫలానా మేలు జరిగిందని రెండు నిమిషాల్లో చెప్పి కూర్చోవాలి. రేపు నన్ను అలా చెప్పమన్నాడు, నా థైరాయిడ్ పోయిందని.

కోతలు మొదలవకముందు ఖాళీగా ఉన్న మామిడికాయల షెడ్డులో మూడు రోజులు సభలు పెట్టారు. పట్నం నుంచి వచ్చిన దైవజనుడు నా తల మీద చెయ్యి పెట్టి, స్వస్థత అయిపోయిందని మైకులో ప్రకటించాడు. ప్రార్థన చేయించుకుని కూడా మందు మింగేవాళ్ళకు విశ్వాసం లేదన్నాడు. నేను సుభాష్ వైపు చూశాను. అబద్ధ బోధల మీద ఊరూరా మాట్లాడే మనిషి కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాడు. మండలానికంతా ఇన్‌ఛార్జిని చేస్తానని ఆ దైవజనుడు మాటిచ్చాడు మరి. మూడు పూటలా కోడికూర వండి వడ్డించింది నేనే. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పోయిన వారం నూజివీడులో పరీక్ష చేయిస్తే తగ్గిందేమీ లేదు. పరగడుపున మాత్ర వేసుకుంటూనే ఉన్నాను. ఆ సంగతి మా ఆయనకూ తెలుసు.

నిన్న తోటలో కాయలు ఏరుతూ మా సంఘంలోని ఇన్నమ్మ కనిపించింది. కాలి మీద పుండు నల్లబడింది. షుగర్ సూది మానేసి నెలైందట. ఎందుకు మానేశావని గట్టిగా అడిగాను.

"మీ ఆయనే చెప్పాడుగా అమ్మాయ్, నీ జబ్బు పోయిందని. నీకు చేసిన దేవుడు నాకు చెయ్యడా?"

నాకొక్క మాటైనా చెప్పకుండా నా ఒంటిని రుజువుగా పెట్టి ఊరంతా తిప్పాడు.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఇన్నమ్మ సంగతి చెప్పాను. ముందు విశ్వాసంతో పలికితే తర్వాత అదే తగ్గుతుందన్నాడు. సంఘం పరువు చూసుకోమన్నాడు.

"అది అబద్ధ సాక్ష్యం కాదాండీ?"

"నువ్వు నాకు వాక్యం నేర్పుతున్నావా?"

చొక్కా మడతపెట్టి ఆయన చేతికిచ్చాను.

ఆదివారం నా పేరు పిలిచారు. ఆడవాళ్ళ వైపు చాప మీద నుంచి లేచాను. ఇన్నమ్మ కాలికి గుడ్డ చుట్టుకుని ముందు వరసలో నా నోటి వంకే చూస్తోంది.

"నాకు తగ్గలేదు. ఈ పొద్దున కూడా మాత్ర వేసుకున్నాను. నా దేవుడికి నేను మందు మింగితే కోపం రాదు, అబద్ధం చెబితే వస్తుంది. ఇన్నమ్మా, ఇవాళే నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్తాను."

మగవాళ్ళ వైపు గుసగుసలు లేచాయి. ముందు కుర్చీలోంచి సుభాష్ నిలబడ్డాడు. ఇంట్లో వాడే గొంతు అక్కడ వాడాడు.

"సాక్ష్యం అయిపోయింది. ఇక కూర్చో."

సాక్ష్యం అయిపోయిందన్నాడు కదా అని, అందరినీ బైబిళ్ళు తెరవమన్నాను.