రెండు ఎడమ చేతులు

"వాడితో చెప్పు, ఆ కోటు చంకల దగ్గర బిగించొద్దని," అన్నాడు అన్న, కత్తిరింపు బల్ల మీంచి తలెత్తకుండా.

ఆ "వాడు" బల్లకు మూరెడు దూరంలో కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నాడు. తోడబుట్టిన తమ్ముడు. ఆ మాట వినపడకపోవాలంటే చెవుడైనా ఉండాలి, ప్రాణమైనా పోయి ఉండాలి. అయినా పక్కన గుండీలు కుడుతున్న వదిన సూది ఆపి, మరిది వైపు తిరిగి, "చంకల దగ్గర కాస్త వదులుగా ఉంచమంటున్నారు," అని చెప్పాలి. చెప్పింది.

"కోసిందే బిగువుగా కోస్తే వదులు ఎక్కడి నుంచి తేను? అడుగు వదినా."

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "గుడ్డ కాస్త తక్కువైందేమో చూడమంటున్నాడు."

ఆవిడది ఈ షాపులో కాజాలు కుట్టే పని, గుండీలు పెట్టే పని. అన్నదమ్ముల మాటల్లో ముళ్ళు ఏరేసి అటూ ఇటూ అందించే పని మాత్రం ఎవరూ అప్పజెప్పలేదు. దానంతట అదే వచ్చి మెడకు చుట్టుకుంది. షాపుకు వచ్చేవాళ్ళు కూడా ఆవిణ్ణి వదినా అనే పిలుస్తారు, బహుశా రోజంతా ఆ పిలుపే వినపడుతుంది కాబట్టి.

పోయిన వానాకాలం నుంచి ఇదే వరస. హోటలు వాళ్ళ కోట్లు అందించాల్సిన రోజున తమ్ముడు జ్వరమని రాలేదు. మర్నాడు వస్తే, బేరానికి వచ్చినవాళ్ళ ముందే అన్న, "దొరగారికి పని ఉన్న రోజునే జ్వరం వస్తుంది. దొంగ జ్వరం," అన్నాడు. తుమ్మంటే ఎరగని మనిషి ఆయన. తమ్ముణ్ణి చిన్నప్పటి నుంచీ 'ముక్కుచీదుడు' అని ఏడిపించేవాడు. అంతవరకూ పడ్డ తమ్ముడు దొంగ అన్న ఆ ఒక్కమాటా పడలేకపోయాడు.

ఇప్పుడు ఆ తమ్ముడి కూతురు ఆస్పత్రిలో ఉంది. ఒకచోట నిలవని పిల్ల, అందరూ బొంగరం అంటారు. ఆ బొంగరం మంచానికి అతుక్కుపోయింది. ఊపిరితిత్తుల్లో చీము తగ్గితే చెవిలో, చెవిలో తగ్గితే మళ్ళీ ఊపిరితిత్తుల్లో. తోడికోడలు పిల్లను వదిలి కదలదు. అందుకని డాక్టరమ్మ గదికి వెళ్ళి చెప్పేది విని రావడం కూడా వదిన నెత్తినే పడింది.

"పిల్ల జన్యువుల్లో ఒకచోట ఒక అక్షరం మారిందమ్మా," అంది డాక్టరమ్మ. "ఆ జన్యువు ఒక చిన్న ప్రొటీన్‌ని తయారుచేస్తుంది. క్రిమి వచ్చిందని కణం బయట కనిపెట్టేది ఒకటి, లోపల దానితో పోట్లాడేది ఇంకొకటి. ఇది ఒక చేత్తో దాన్నీ, ఒక చేత్తో దీన్నీ పట్టుకుని కబురు అందిస్తుంది. సొంతంగా చేసేదేమీ లేదు. అడాప్టర్ అంటాం."

"మా ఇస్త్రీపెట్టెకుంది," అంది వదిన. పెట్టెకు మూడు కాళ్ళ ప్లగ్గు, షాపు గోడకు రెండే కన్నాలు. మధ్యలో ఒక తెల్లముక్క. "అది పోతే కరెంటూ ఉంటుంది, పెట్టె కూడా ఉంటుంది. వేడి మాత్రం ఎక్కదు."

"అంతే."

"అయితే ఆ అక్షరం వల్లే పిల్లకిలా అయిందంటారు."

"అనలేనమ్మా. కొన్ని అక్షరాలు మారినా ఏమీ కాదు."

ఆ మాట వదినకు బాగానే బోధపడింది. షాపు బోర్డు మీద చివరి అక్షరం ఊడి ఏళ్ళయింది, ఒక్క బేరం పోలేదు. కోటు చేతుల మీద సుద్దతో కుడికి 'కు', ఎడమకు 'ఎ' అని రాస్తారు. అక్కడ ఒక్క అక్షరం మారితే కోటుకు రెండూ ఎడమ చేతులే.

"తండ్రికీ ఇదే మార్పు ఉంది. ఆయనకూ చిన్నప్పటి నుంచి ఏదో ఒక జబ్బేనట కదా," అంది డాక్టరమ్మ. "మీ వారు గట్టి మనిషంటున్నారు. ఆయన రక్తం కావాలి. ఆయనకూ ఉంటే ఈ అక్షరం తప్పేమీ లేనట్టు, మేం ఇంకోచోట వెతుక్కోవాలి. లేకపోతే అనుమానం బలపడుతుంది. మిగతా పరీక్షలతో కలిపి చూసి మందు మొదలుపెడతాం. తేలకుండా ఇస్తే ఆ మందు పిల్లకే ప్రమాదం."

ఒక్క సూదిపోటు. దానికింత రభస అవుతుందని వదిన కలలో కూడా అనుకోలేదు.

"ఈ కోట్లు అవనీ," అన్నాడు మొగుడు. కోట్లయ్యాయి. "ఆదివారం చూద్దాం." ఆదివారం నడుం పట్టేసిందన్నాడు. ఎన్నడూ పట్టని నడుం.

"ఏమన్నాడు వదినా?" అనేవాడు మరిది.

"వస్తారు. రేపో ఎల్లుండో."

"కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటానని చెప్పు."

ఇద్దరికీ అబద్ధాలు చెప్పలేక ఆవిడ తలప్రాణం తోకకొచ్చింది. పిల్లకు మళ్ళీ జ్వరం ఎక్కిందని కబురు వచ్చిన పొద్దున మొగుణ్ణి నిలదీసింది. "సూదంటే భయమా మీకు?"

ఆయన సుద్దముక్క తీసుకుని గుడ్డ మీద గీత గీశాడు. గీత వంకరపోయింది. "నాలో ఆ అక్షరం లేకపోతే ఏమంటారు?"

"మరిదికి పుట్టుకతోనే జబ్బు ఉండొచ్చంటారు."

ఆయన కోటు చేతుల ముక్కల మీద గుర్తులు రాసి తమ్ముడి వైపు తోసి, "ఈ వారం కుదరదని వాడితో చెప్పు," అన్నాడు.

వదినకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్ళకు మొదటిసారి ముళ్ళు తియ్యకుండా అందించింది. "మరిదీ, మీ అన్నయ్య రానంటున్నారు. కోట్లూ నడుమూ అన్నీ వంకలే. తన రక్తం మంచిదైతే నీ జ్వరాలు నిజమైపోతాయని భయం."

మిషను ఆగింది. తమ్ముడు లేచి బల్ల ముందుకొచ్చాడు.

"అన్నా, నాది దొంగ జ్వరమే. సరేనా. బొంగరానిది కాదు కదా."

ఆయన కత్తెర బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు. వదిన వెనకాల పరిగెత్తాల్సి వచ్చింది. ఆస్పత్రిలో చొక్కా చెయ్యి మడిచి, "తొందరగా తియ్యండమ్మా, పనుంది," అని నర్సును కసిరాడు. ఏం పనో ఆయనకే తెలియాలి.

ఫలితం రావడానికి రోజులు పట్టింది. ఆ రోజులన్నీ షాపులో మాటల్లేవు. వదిన ఎవరి కబురూ మొయ్యలేదు. అన్న కోసింది కోసినట్టు, తమ్ముడు కుట్టింది కుట్టినట్టు.

డాక్టరమ్మ వదిననీ మొగుణ్ణీ పిలిచి చెప్పింది. పెద్దాయనలో ఆ అక్షరం మారలేదు. మిగతా పరీక్షలూ అటే చూపిస్తున్నాయి. ఈ పూటే మందు మొదలు. ఎంతవరకు పనిచేస్తుందో చూడాలి.

మెట్లు దిగుతూ ఆయన, "వాడితో చెప్పు," అన్నాడు.

"ఏం చెప్పను?"

"నీకు తెలుసుగా."

"తెలుసు. చెప్పను."

షాపులో తమ్ముడు మిషను మీద ఉన్నాడు. మందు సంగతి పెళ్ళాం ఫోనులో చెప్పినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అన్న కాసేపు బల్ల చుట్టూ తిరిగాడు. పొడిదగ్గు దగ్గాడు. చివరికి కొక్కేనికి వేలాడుతున్న కోటు తీసి అటూ ఇటూ తిప్పి, "ఇదేంట్రా, రెండూ ఎడమ చేతులే కుట్టావు?" అన్నాడు.

"రెంటి మీదా 'ఎ' అనే ఉంది. రాసిందెవరో చూసుకో."

ఆయన కోటు చేతులు తిరగేసి చూశాడు. రెండు 'ఎ'లు, తన దస్తూరీయే. నవ్వొస్తుందేమోనని వదిన చూసింది. రాలేదు. ఆయన స్టూలు లాక్కుని, బ్లేడు తీసుకుని, ఎన్నడూ లేంది కుట్లు విప్పడానికి కూర్చున్నాడు.

"ఇది నేను చూసుకుంటా. నువ్వు పిల్ల దగ్గరికి పో."

తమ్ముడు గుమ్మం దాటాడు.

"ఒరేయ్," అన్నాడు అన్న, బ్లేడు మీంచి కళ్ళు తియ్యకుండా. "ఒంట్లో బాగాలేని రోజున రావద్దు."

వదిన గుండీ కుట్టి దారం పటుక్కున కొరికింది. పోయిన వానాకాలంలో అనాల్సిన మాట. అప్పుడే ఈయన నోరు పెగిలి ఉంటే ఈ పంతాలు ఉండేవి కావు, పిల్లకు మందు ఎన్ని రోజుల ముందు పడేదో. ఆవిడ ఇంకో గుండీ తీసుకుని, దారం ఎక్కించబోతే సూది కన్నం కనపడలేదు.