మీసం లేని తాత

జీవితమంతా సిటీ బస్సు నడిపి రిటైరైన ఆ పెద్దాయనకి మీసమంటే ప్రాణం. పైపెదవి మీద లేచిన కణితిని తీసెయ్యాలని డాక్టరు చెప్పినప్పుడు కోతకి జంకలేదు గానీ, మీసం గొరిగించాలనేసరికి డీలా పడిపోయాడు.

ఆపరేషన్ గాయం మానాక, కట్టు విప్పించుకుని వచ్చి హాల్లో కూర్చున్నాడు. మనవరాలు, అందరూ పిడుగని పిలిచే మూడున్నరేళ్ల పిల్ల, ఎదురుగా నిలబడి ఎగాదిగా చూసింది.

“తాతా, నువ్వు అమ్మమ్మవి అయిపోయావా?”

వంటింట్లోంచి అసలు అమ్మమ్మ పకపకా నవ్వింది. పెద్దాయన మొహం మాడిపోయింది.

“కాదే, నేను తాతనే!”

“మరి మీసమేదీ?”

ఆయన లేచి అద్దం ముందుకెళ్లి బోసి పెదవి తడుముకున్నాడు.

సాయంత్రం ఆయన కూతురు, పిడుగు తల్లి, కాలేజీ నుంచి వచ్చింది. టీచర్లు కాబోయేవాళ్లకి పిల్లల మనస్తత్వం పాఠాలు చెబుతుందామె. తండ్రి ఫిర్యాదు విని నవ్వాపుకుంది.

“ఈ వయసుకి పిల్లలకి ఎవరు ఆడో ఎవరు మగో చెప్పడం వచ్చేస్తుంది నాన్నా. అది మారదని తెలియడానికే ఇంకో రెండు మూడేళ్లు పడుతుందంటారు. అందాకా జుట్టు మారినా, బట్టలు మారినా మనిషే మారిపోయాడనుకుంటారు.”

“అయితే మీసం మొలిచేదాకా నేను అమ్మమ్మనేనా?”

“తప్పదు. ఓర్చుకో.”

మర్నాడు పొద్దున్నే పిడుగు దువ్వెన పట్టుకొచ్చి ఆయన ఒళ్లో చతికిలబడింది.

“జడ వెయ్యి. అమ్మమ్మలే కదా వేస్తారు!”

ఆయన దువ్వెన అందుకున్నాడు. స్టీరింగు తిప్పిన ఆ మోటు చేతులకి మూడు పాయలు ఒక పట్టాన లొంగలేదు. భార్య పక్కన చేరి, “కుడిది మధ్యకి, ఇప్పుడు ఎడమది” అంటూ నేర్పింది. మొదటి జడ పీచుతాడులా తేలింది. రానురాను చెయ్యి తిరిగింది. పక్కింటాయన కిటికీలోంచి చూసి వెక్కిరించినా పట్టించుకోలేదు. అద్దం ముందు నిలబడి పెదవి తడుముకోవడం కూడా మానేశాడు.

మీసం మళ్లీ ఒత్తుగా వచ్చింది. “తాత వచ్చేశాడు!” అని పిడుగు గెంతులేసింది. ఇక తన పని అయిపోయిందనుకుని ఆయన దువ్వెన భార్యకివ్వబోయాడు. పిడుగు ఊరుకుంటేగా! లాక్కుని ఆయన చేతిలోనే పెట్టింది.

ఆ ఆదివారం ఆయన జడ వేస్తుంటే పిడుగు మగబొమ్మని ఒళ్లో పడుకోబెట్టుకుని జోకొడుతోంది.

“వీడు పెద్దయ్యాక ఏమవుతాడే?” అంది తల్లి.

“తాత అవుతాడు. అందరికీ జడలేస్తాడు.”

ఆమె తండ్రి వైపు చూసింది. “పెద్దవాళ్లు చేసేది చూసి నేర్చుకుంటారని కూడా మా పాఠంలో ఉంది నాన్నా.”

పెద్దాయన సంబరం పైకి కనబడనివ్వలేదు. పిల్ల తల మెల్లగా తనవైపు తిప్పుకుని, “కదలకమ్మా, పాయ జారిపోతోంది” అన్నాడు.