డాక్టరుకు చెప్పకూడని సంగతి

సముద్రం మీద బతికిన వాళ్లకు డాక్టరంటే జబ్బు నయం చేసే మనిషి కాదు, ఓడ ఎక్కనివ్వని మనిషి. ఏడాదికోసారి ఆ గదిలోకి వెళ్లి, చొక్కా విప్పి, దగ్గమంటే దగ్గి, చదవమంటే చదివి, 'ఫిట్' అని ముద్ర వేయించుకుని బయటపడితే ఇంటిల్లిపాదికీ ఆ ఏడాది తిండికి ఢోకా లేదు. అందుకని తాగుడు గురించి అడిగితే "ఎప్పుడైనా, నలుగురూ కలిసినప్పుడు" అనడం కూడా చొక్కా విప్పడం లాంటిదే వాళ్లకు. ఆలోచించి చేసే పని కాదు. రిటైరై ఎన్నేళ్లయినా ఆ అలవాటు పోదు. సరంగుకూ పోలేదు, చీఫ్‌కు అసలే పోలేదు.

సరంగు అంటే డెక్కు మీద పనివాళ్లకు పెద్ద. చీఫ్ అంటే ఇంజను గదికి పెద్ద. డెక్కు వాళ్లకూ ఇంజను వాళ్లకూ పడదని ఓడల్లో పేరు. వీళ్లిద్దరికీ మాత్రం ఎందుకో కుదిరింది. చాలా ఓడలు కలిసి చేసి, చివరికి ఒకే ఊళ్లో, రెండు వీధుల ఎడంలో కాపురాలు పెట్టారు. కాపురమంటే చీఫ్‌దే. సరంగుది రంగుల దుకాణం మీద ఒక గది, ఒక మంచం, ఒక స్టవ్వు. పెళ్లి మాటలు రెండు మూడుసార్లు వచ్చాయి గానీ, ముహూర్తం కుదిరేలోపు ఓడ కదిలిపోయేది. చీఫ్ భార్యను వదినా అని పిలుస్తాడు. ఆవిడ మధ్యాహ్నం వంటలో ఇతనికీ కలిపి వండుతుంది. ఆ ఇంటి తాళంచెవి ఒకటి ఇతని జేబులోనే ఉంటుంది. ఇల్లు అని చెప్పుకోవడానికి సరంగుకు ఈ భూమ్మీద ఉన్నది ఆ ఒక్కటే.

తాగుడు విషయంలో ఇద్దరిదీ ఒకే శాస్త్రం. డ్యూటీలో ముట్టుకునేవాడు తాగుబోతు, డ్యూటీ దిగి పుచ్చుకునేవాడు పెద్దమనిషి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ శాస్త్రం వాళ్లను బాగానే కాపాడింది. చిక్కెక్కడ వచ్చిందంటే, రిటైరయ్యాక డ్యూటీయే లేదు. తాగకూడని వేళ అంటూ రోజు మొత్తంలో మిగల్లేదు. అంత పెద్ద ఇంజన్లు విప్పి బిగించిన బుర్రకు ఈ సంగతి తట్టలేదంటే నమ్మడం కష్టం, కానీ తట్టలేదు. వాళ్ల పాత స్నేహితుడు రేడియో ఆఫీసరు కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి పోయినప్పుడు, ఇద్దరూ శవం పక్కన నిలబడి, ఎప్పుడో ఏదో రేవులో తిన్న పాడు చేపల వల్లే పోయాడని తేల్చేశారు. చేపలు చంపొచ్చు, ఇంజను పొగ చంపొచ్చు, ఉప్పుగాలి చంపొచ్చు. సీసా మీద మాత్రం ఈగ వాలనివ్వరు.

చీఫ్‌కు హెర్నియా ముదిరింది. ఆపరేషన్ తప్పదన్నారు. ముందుగా మత్తు ఇచ్చే డాక్టరు చూడాలంటే ముగ్గురూ కలిసి వెళ్లారు. చిన్న వయసు అమ్మాయి. బీపీ చూసి, షుగరు కాగితాలు చూసి, తాగుతారా అని అడిగింది. ఎప్పుడైనా, నలుగురూ కలిసినప్పుడు అన్నాడు చీఫ్, తడుముకోకుండా.

"ఎప్పుడైనా ఏమిటండీ," అంది వదిన. "రోజూ రాత్రి అన్నానికి ముందు రెండు చిన్నవి వేసుకుంటారు డాక్టరమ్మా. దాచడమెందుకు?"

చీఫ్ ముఖం మాడిపోయింది. సరంగు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ కూర్చున్నాడు. వదిన చెప్పింది అబద్ధం కాదు, ఆవిడకు తెలిసిన నిజం అంతే. తెలియని నిజం రంగుల దుకాణం మీది గదిలో మంచం కింద ఉంది. పేపరు చదువుకోవడానికని చీఫ్ రోజూ పొద్దున పదకొండింటికి అక్కడికి వెళ్తాడు. భోజనాల వేళకు సీసాలో సగం ఖాళీ అవుతుంది. సాయంత్రం షికారు పేరు చెప్పి మళ్లీ వెళ్తే మిగతా సగం అవుతుంది. సరంగుకు పక్కనే తన సీసా తనకుంటుంది. ఇద్దరూ తూలరు, మాట తడబడదు. అది వాళ్లకు గర్వకారణం కూడా. రాత్రి రెండు వేసుకునే మనిషి దగ్గర ఎప్పుడూ కాస్త ఆ వాసన ఉంటుందిలే అని వదిన ఏనాడో సరిపెట్టుకుంది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. తాగుతున్నందుకు తిట్టడానికి అడగడం లేదని, రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు తిరగబడుతుందని, ముందే తెలిస్తే దానికి మందులున్నాయని. తెలియకపోతేనే ప్రమాదమని. చీఫ్ నవ్వాడు. మందు చుక్క దొరకని ఓడల్లో నెలల తరబడి పనిచేశానని, ఏమీ కాలేదని అన్నాడు. అప్పుడు ఆయన వయసెంతో, అప్పటి తాగుడెంతో ఆయన చెప్పలేదు, ఆ అమ్మాయి అడగలేదు.

మెట్లు దిగుతూ వదిన ముందు నడుస్తుంటే, చీఫ్ సరంగు భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు నోరు జారకు," అన్నాడు. సరంగు అలాగేనన్నాడు. ఓడ మనిషి తాగుడు సంగతి డాక్టరు చెవిన వేసినవాడితో ఆ తర్వాత ఎవడూ కలిసి భోంచేయడు. అది ఎవరూ రాయని రూలు.

ఆపరేషన్ నల్లేరు మీద బండి నడకలా సాగిపోయింది. షుగరుంది కాబట్టి నాలుగు రోజులు ఉంచుతామన్నారు. మొదటి రోజు చీఫ్ నర్సులతో జోకులు వేశాడు. రెండో రోజు చిరాకు పడ్డాడు, చెమటలు పట్టాయి, నిద్ర పట్టలేదు. మూడో రోజు మధ్యాహ్నం సరంగు వెళ్లేసరికి చీఫ్ మంచం కడ్డీ పట్టుకుని లేవబోతున్నాడు. చేతులు గజగజ వణుకుతున్నాయి. నీళ్లు లోపలికి వస్తున్నాయి, వాల్వు మూయండి అంటూ లేని మనుషులకు ఆజ్ఞలు వేస్తున్నాడు. సెలైన్ గొట్టం లాగేస్తుంటే ఇద్దరు పట్టుకున్నారు. వదిన గోడకు ఆనుకుని, మనిషి పిచ్చివాడైపోయాడని ఏడుస్తోంది.

 ఇది సరంగుకు కొత్త కాదు. ఒక ఓడలో ఇంజను గదిలో నూనె పోసే మనిషి ఉండేవాడు. దాచుకున్న సీసాలు అయిపోయిన మూడో నాడు గోడతో మాట్లాడాడు. నాలుగో నాడు కొట్టుకుని కొట్టుకుని ప్రాణం వదిలాడు. వడదెబ్బ అని రాశారు. రాయించింది చీఫే. అవునన్నవాళ్లలో సరంగూ ఉన్నాడు. పోయినవాడి పరువు కాపాడామని ఇద్దరూ ఆ పూట ఒకరినొకరు మెచ్చుకున్నారు కూడా.

మత్తు డాక్టరు పరుగున వచ్చింది. ఇన్ఫెక్షనేమో, ఒంట్లో ఉప్పులు పడిపోయాయేమో, తలకు స్కానింగ్ తీయాలేమో అని పెద్ద డాక్టరుతో మాట్లాడింది. తర్వాత వరండాలోకి వచ్చి వదినను సూటిగా అడిగింది, నిజంగా రెండు పెగ్గులేనా అని. నా బిడ్డల మీద ఒట్టు, రెండే అంది వదిన.

సరంగు అక్కడే ఉన్నాడు. తన చేతుల వైపు చూసుకున్నాడు. అవి వణకడం లేదు. ఎందుకు వణకడం లేదో అతనికి బాగా తెలుసు. పదకొండింటికి గదిలో ఒంటరిగా కూర్చుని తన వంతు తాను పుచ్చుకునే వచ్చాడు. చీఫ్‌కూ తనకూ ఉన్న తేడా అంతే. నోరు విప్పితే చీఫ్ స్నేహం పోతుంది, వదిన ముఖం చూసే మొహం ఉండదు, ఆ ఇంటి భోజనం ఉండదు. విప్పకపోతే మనిషే ఉండడు. లెక్క తేలికే. డాక్టరమ్మ వైపు ఒక అడుగు వేశాడు.

"రెండు కాదమ్మా," అన్నాడు. "రోజుకో ఫుల్ బాటిల్. పొద్దున పదకొండింటికి మొదలుపెడతాడు. రాత్రి ఆ రెండూ దాని మీద. చాలా ఏళ్ల నుంచీ."

"ఎక్కడ?" అంది వదిన.

"నా గదిలో, వదినా."

ఆవిడ తిట్టి ఉంటే సరంగుకు హాయిగా ఉండేది. తిట్టలేదు. బెంచీ మీద అతనికని తెచ్చిన క్యారియరు ఉంది. దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుని, మూత మీద రెండు చేతులూ వేసి కూర్చుంది. డాక్టరమ్మ అప్పటికే లోపలికి పరిగెత్తింది.

మందులు మార్చారు, సూదులు వేశారు, ఒక రాత్రంతా కనిపెట్టుకుని ఉన్నారు. తర్వాత రెండు రోజులకు చీఫ్ మనుషుల్లో పడ్డాడు. ఆ రెండు రోజులూ సరంగు ఆస్పత్రి బయట బెంచీ మీదే కూర్చున్నాడు. పైకి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. గదికి వెళ్లి తన వంతు పుచ్చుకుని, హోటల్లో ఇడ్లీయో బ్రెడ్డో తిని మళ్లీ వచ్చి కూర్చునేవాడు. మూడో నాడు వదిన కిటికీలోంచి పైకి రమ్మని చెయ్యి ఊపింది.

చీఫ్ చిక్కి సగమయ్యాడు. చేతులు దుప్పటి కింద పెట్టుకున్నాడు.

"చెప్పింది నువ్వేనా?"

"నేనే."

"నా కాగితాల్లో రాసేశారు. ఎర్ర సిరాతో రాశారు. ఇన్నేళ్లలో ఒక్క డాక్టరు చేత ఆ ముక్క రాయించుకోలేదు నేను."

"రాస్తే ఏమవుతుంది చీఫ్?"

"అన్‌ఫిట్ అవుతానురా. అంతేగా."

"ఏ ఓడకి?"

 ఏ ఓడా లేదని ఆయనకు తెలీదా? కళ్లలో నీళ్లు తిరిగాయి. దుప్పటి కింది చెయ్యి బయటికి తీస్తే వణుకుతుంది కాబట్టి, తుడుచుకోకుండా అలాగే వదిలేశాడు. మళ్లీ ఓడ మీదికి పిలుస్తారేమోనని ఉండేది, అన్నాడు చీఫ్ చివరికి. సరంగుకు ఏడుపొచ్చింది. తనకూ ఉండేది మరి.

తలుపు దగ్గర వదిన నిలబడి అంతా విన్నది. సరంగు బయటికి వస్తుంటే వెనకే వచ్చింది. తాళంచెవి అడుగుతుందనుకుని జేబులో చెయ్యి పెట్టాడు. ఆవిడ అడగలేదు. ఎప్పటిలా మరిదిగారూ అని పిలవనూ లేదు.

"ఆయన్ని ఇంటికి తీసుకెళ్తున్నాను. మీరు ఒంటరిగా ఆ గదిలో ఉంటారు. ఇలాగే లేని మనుషులతో మాట్లాడితే చెప్పడానికి పక్కన ఎవరున్నారు?" అంది. "రేపు ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లండి. వెళ్లొచ్చాకే గడప తొక్కండి."

మర్నాడు ఓపీలో చీటీ తీసుకుని, సరంగు వరుసలో కూర్చున్నాడు. తుఫానుల్లో ఏ చాటూ లేకుండా డెక్కు మీద నిలబడినవాడు, ఆ ప్లాస్టిక్ కుర్చీలోంచి రెండుసార్లు లేచి గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాడు. పేరు పిలిచారు. లోపల డాక్టరమ్మ గుర్తుపట్టింది, నవ్వింది. స్నేహితుడు ఎలా ఉన్నాడని అడిగింది. తర్వాత పెన్ను తీసి, మరి మీరు తాగుతారా అంది.

ఎప్పుడైనా అన్న మాట పెదవుల దాకా వచ్చేసింది. దాన్ని మింగేశాడు.

"ఆయనకెంత చెప్పానో నాకూ అంతేనమ్మా."

ఆమె తలెత్తింది. జాలి చూపలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఒక్కసారిగా మానొద్దని, పద్ధతి ఉంటుందని, తాను చెప్తానని అంది. ఆఖరుసారి ఎప్పుడు తాగారని అడిగింది.

"ఇవాళ పొద్దున్నే," అన్నాడు సరంగు. "లేకపోతే ఇక్కడిదాకా రాలేకపోయేవాణ్ణి తల్లీ."