పాలనా ప్రక్రియకు రెండు అర్థాలు

రష్యాలో కామా నది ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో, న్యాయ కళాశాలలో పాఠాలు చెప్పే తయీసియా సవేల్యెవ్నా, వెనియమీన్ ల్వోవిచ్ ఇరవై రెండేళ్లుగా ఒకే మాట మీద వాదులాడుకుంటున్నారు. ఆ మాట "పాలనా ప్రక్రియ".

"పౌరుడికీ ప్రభుత్వానికీ తగువు రావాలి. దాన్ని తీర్చే జడ్జి ఉండాలి. అప్పుడే అది ప్రక్రియ. మిగతాదంతా ఆఫీసు పని" అనేది తయీసియా.

"లైసెన్సు ఇచ్చినా ప్రక్రియే, జరిమానా వేసినా ప్రక్రియే. గుమాస్తా చేతిలో కాగితం కదిలిందంటే ప్రక్రియ మొదలైనట్టే" అనేవాడు వెనియమీన్.

విద్యార్థులు గట్టివాళ్లు. పరీక్ష ఎవరు పెడుతున్నారో కనుక్కుని, వాళ్ల అర్థమే రాసేవారు.

కిందటి అక్టోబరులో ఒక మధ్యాహ్నం, కాలేజీ క్యాంటీనులో బీట్‌రూట్ సూప్ తాగుతూ ఆయన ఉన్నట్టుండి అడిగాడు. "తయీసియా సవేల్యెవ్నా, మనిద్దరం కలిసి రిజిస్ట్రీ ఆఫీసులో ఒక అర్జీ పెడదామా?"

"ఏం అర్జీ?"

"పెళ్లి అర్జీ."

ఆవిడ చెంచా కింద పెట్టింది. అరవై ఒకటో ఏట వినాల్సిన మాటేనా అది? ఆవిడకు విడాకులై ముప్పై ఏళ్లు. ఆయన భార్య పోయి తొమ్మిదేళ్లు.

"ఇందులో తగువేం లేదు కదా, మీ లెక్కన ఇది ప్రక్రియే కాదు. భయపడాల్సిన పనే లేదు" అన్నాడాయన. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. అదే ఒప్పుకోలు అనుకున్నాడు. ఆవిడా కాదనలేదు.

తీరా వెళ్తే, రిజిస్ట్రీలో కిటికీ వెనక కూర్చున్న స్నెఝానా కాగితాలు ఇటూ అటూ తిప్పి చూసి తల అడ్డంగా ఊపింది. పాస్‌పోర్టులో తయీసియా ఇంటిపేరు "కవల్యోవా" అని ఉంది. రష్యన్ లిపిలో 'యో' అక్షరం మీద రెండు చుక్కలుంటాయి. విడాకుల పత్రంలో ఆ చుక్కలు లేక "కవలేవా" అయింది.

"రెండూ నేనేనమ్మా" అంది తయీసియా.

"మనిషి మీరే కావచ్చు. కాగితం ప్రకారం ఇద్దరండీ" అంటూ స్నెఝానా తిరస్కరణ పత్రం ముద్ర వేసి ఇచ్చింది.

ఆవిడకు పౌరుషం వచ్చింది. ఆ సాయంత్రమే కోర్టుకు కాగితం రాసింది. "నేనొకసారి చూడనా?" అని వెనియమీన్ అడిగితే, "ముప్పై ఏళ్లుగా ఇదే నేర్పుతున్నాను. మీరు చూసేదేంటి?" అంది.

పది రోజులకు కోర్టు నుంచి జవాబొచ్చింది. "కదలిక లేకుండా ఉంచడమైనది." అంటే లోపాలు దిద్దేదాకా విచారణకు తీసుకోరన్నమాట. ప్రతివాదికి, అంటే రిజిస్ట్రీకి, నకలు పంపిన రసీదు జత చేయలేదట. పైగా ఆవిడ తనను "అర్జీదారు" అని రాసుకుంది. అది పాత చట్టం మాట. కొత్త చట్టంలో "పాలనా వాది" అనాలి. కింద సంతకం జడ్జి అలెవ్తీనా జూయెవాది. సరిగ్గా ఆ రెండు మాటల తేడా చెప్పలేకపోయినందుకే ఒకప్పుడు తన విద్యార్థిని అయిన ఆ పిల్లకు ఆవిడ అత్తెసరు మార్కులు వేసింది.

తయీసియా చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "చూశారా, ఎంత బాగా నేర్చుకుందో" అని ఆ కాగితాన్ని వెనియమీన్ చేతిలో పెట్టింది.

తప్పులు దిద్ది పంపాక విచారణ జరిగింది. రిజిస్ట్రీ తరఫున స్నెఝానానే వచ్చింది, ఫైలును గుండెలకు హత్తుకుని.

"ఈవిడ వేరే మనిషని మీకేమైనా అనుమానమా?" అని జడ్జి అడిగింది.

"లేదండీ. మా చెల్లిని రెండుసార్లు ఫెయిల్ చేసింది ఈవిడే. నాకు బాగా తెలుసు."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. చుక్కలున్నా లేకున్నా పేరు ఒకటేననీ, తిరస్కరణ చెల్లదనీ, పెళ్లి నమోదు చేయాలనీ జడ్జి తీర్పు చదివింది.

బయట వసారాలో వెనియమీన్ ఆగలేకపోయాడు. "ఇప్పుడు చెప్పండి. ప్రక్రియ ఎప్పుడు మొదలైంది? ఇవాళా, ఆ కిటికీ దగ్గరా?"

ఆవిడ ఓవర్‌కోటు బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుంది. ఆ కిటికీ వెనక స్నెఝానా ముద్ర వేసిన చప్పుడు గుర్తొచ్చింది. "కిటికీ దగ్గరేనేమో" అంది మెల్లగా.

"ఆ మాట కాగితం మీద రాసిస్తారా?"

"ఇవ్వను."

ఫిబ్రవరిలో పెళ్లయింది. నమోదు చేసింది స్నెఝానానే, ఈసారి పూలు కూడా పట్టుకొచ్చింది. విందు కాలేజీ క్యాంటీనులో. వంటావిడ చేపలు కూరి పెద్ద రొట్టె కాల్చింది. వైన్ చేదుగా ఉంది, ముద్దుతో తీపి చేయండి అనే పెళ్లి ఆచారం తప్పకుండా విద్యార్థులు "చేదు, చేదు" అని అరిచి, ముసలివాళ్లిద్దరూ ముద్దు పెట్టుకునేదాకా వదల్లేదు.

సందడి కాస్త తగ్గాక వెనియమీన్ ఆవిడ చెవి దగ్గరికి వంగాడు. "ఇక మీదటైనా 'నువ్వు' అనుకోవచ్చా?"

"ఆలోచించి చెబుతాను."

"ఎన్నాళ్లకు?"

"పౌరుడి అర్జీకి జవాబివ్వడానికి చట్టం ముప్పై రోజులిచ్చింది."

ఆయన ముఖం చిన్నబోయింది. ఆవిడ పెద్ద ముక్క ఒకటి కోసి ఆయన పళ్లెంలో వేసింది. "చల్లారిపోతోంది, తిను" అంది.