పానం మంచిగ లేదు

మక్తల్ చుట్టుపక్కల ఊళ్లలో జ్వరమొచ్చినవాడూ పానం మంచిగ లేదంటాడు, కడుపునొప్పివాడూ అదే అంటాడు, రాత్రి తాగింది పొద్దున్నకు దిగనివాడూ అదే అంటాడు. ప్రాణమంత పెద్ద మాటను ఇంత చౌకగా ఖర్చుపెట్టుకుంటే అసలు అవసరం వచ్చిన రోజున ఏం మిగులుతుంది? మల్లీశ్వరి ఒకనాటి పొద్దున పొయ్యి ముందు కూర్చుని, అగ్గిపుల్ల చేతిలో పట్టుకుని, గీయబుద్ధి కాక చాలాసేపు అలాగే ఉండిపోయి, "నా పానం మంచిగ లేదు" అన్నది. మొగుడు పరశురాములు గబగబా వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. నుదురు చల్లగా ఉంది. లోపలి జ్వరమేమోనని ఆరెంపీ డాక్టరు గుర్వయ్యను బండి మీద ఎక్కించుకొచ్చాడు.

గుర్వయ్య గ్లూకోజ్ బాటిల్ పెట్టాడు. ఊళ్లో ఎవరికి ఏమైనా ఆయన ముందు చేసేది అదే. దూలానికి కట్టిన బాటిల్ చుక్కచుక్కగా దిగుతుంటే అత్త సైదమ్మ పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది. నీరసం, రెండు రోజుల్లో లేచి తిరుగుతదని గుర్వయ్య చెప్పి వెళ్లాడు. వారం తర్వాత మళ్లీ వచ్చి ఇంకో బాటిల్ పెట్టాడు.

మల్లీశ్వరికి ఎక్కడా నొప్పి లేదు. అదే ఆమె ఖర్మ. ఇంట్లో ఎవరూ పోలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు, పిల్లలిద్దరూ గురుకులంలో బాగానే చదువుకుంటున్నారు. బియ్యం కడుగుతుంటే చేతులు ఆ నీళ్లలోనే ఉండిపోయేవి. జడ వేసుకోవడం ఎకరం కలుపు తీసినంత పని అనిపించేది. ఏడుద్దామంటే ఏడుపూ రాదు. ఈ అవస్థకు ఏదో ఒక పేరు ఉండే ఉంటుంది కానీ, అది ఆమె దాకా ఎవరూ తేలేదు.

పరశురాములు చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం తేలికయ్యేది. అతను చెడ్డవాడు కాదు. యాపిల్ పండ్లు తెచ్చి కోసి పెట్టాడు, తాయెత్తు కట్టించాడు, స్కానింగులు తీయించాడు. గొర్రెల మందలో ఒక్కటి మేత ముట్టకపోతే ఇవతలి గట్టు మీద నుంచే పసిగట్టే మనిషి, పెళ్లాం నోట్లో పెట్టుకున్న ముద్ద మింగలేక కూర్చుంటే మాత్రం కూరలో ఉప్పు తక్కువైందేమోనని వెతికాడు. రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చినప్పుడల్లా ఊరంతా చెప్పుకుని సంబరపడ్డాడు. రోగం లేకుండానే రోగిష్టిదానిలా పడి ఉన్నానని మల్లీశ్వరి సిగ్గుతో చితికిపోయింది.

ఆఖరికి మహబూబ్‌నగర్‌లో ఒక పెద్దావిడ డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆమె రిపోర్టులు పక్కన పెట్టి, మల్లీశ్వరి మొహంలోకి చూసి, నిద్ర పడుతోందా అమ్మా అని అడిగింది. అన్ని దవాఖానలు తిరిగినా ఈ మాట ఎవరూ అడగలేదు. మల్లీశ్వరి తలెత్తి నోరు తెరిచింది. మాట బయటికి రాకముందే పక్కనుంచి పరశురాములు అందుకున్నాడు.

"మంచిగ పండుకుంటది మేడం. మేం లేపేదాక లేవది."

అతను అబద్ధం చెప్పలేదు. ఆ ఊళ్లలో నడుం వాల్చినా పండుకోవడమే, నిద్రపోయినా పండుకోవడమే. కళ్లు తెరిస్తే ఎట్లుందని అడుగుతారని ఆమె మూసుకుని పడుకునేది, అంతే. డాక్టరమ్మ ఆమెనే చెప్పనివ్వమంది. తీరా చెప్పబోతే మల్లీశ్వరికి ఆ పాత మాట తప్ప ఇంకేదీ దొరకలేదు. పానం మంచిగ లేదు మేడం అన్నది. డాక్టరమ్మ వచ్చే సోమవారం తీసుకురమ్మని, ఆమెతో విడిగా కూర్చుని మాట్లాడాలని చెప్పింది.

ఆ సోమవారం కోసం మల్లీశ్వరి ఎదురుచూసింది. చాలా కాలం తర్వాత ఆమె ఎదురుచూసింది అదొక్కటే. చెప్పాల్సినవన్నీ లోపల్లోపల కూర్చుకుంది.

అప్పటికే ఎండలు ముదిరి ఉన్నాయి. ఊరి చుట్టూ గడ్డిపోచ లేదు. మిగతావాళ్లంతా మందలు తోలుకుని కృష్ణ ఒడ్డుకు వెళ్లిపోయారు. మల్లీశ్వరి లేచి తిరిగితే తప్ప కదలనని పరశురాములు మొండికేశాడు. గొర్రెలు డొక్కలు లోపలికి పోయి, నిలబడ్డచోటే మోకాళ్ల మీద కూలబడసాగాయి. సైదమ్మ కోడల్ని పల్లెత్తు మాట అనలేదు. దొడ్డిలో గొర్రెల మధ్య కూర్చుని, కోడలికి వినబడేలా ఏడ్చింది.

ఆదివారం పొద్దున మల్లీశ్వరి లేచి తల దువ్వుకుంది. బొట్టు పెట్టుకుంది. పొయ్యి వెలిగించి జొన్నరొట్టెలు చేసి, మొగుడి ఎదురుగా కూర్చుని తనూ తిన్నది.

"నా పానం మంచిగైంది. నువ్వు మందను తోలుకపో."

పరశురాములు నమ్మాడు. నమ్మాలని అతనికి అంత ఉంది మరి. కండువాతో కళ్లు తుడుచుకుని, రేపు డాక్టరమ్మ రమ్మన్నది కదా అని ఒకసారి అడిగాడు. ఇంకెందుకని ఆమె అంటే సరేనన్నాడు. ఎండెక్కకముందే మంద కదిలింది. గొర్రెల అరుపులు దూరమయ్యాక మల్లీశ్వరి లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది.

గుర్వయ్య బాటిళ్లే తన కోడల్ని లేపాయని సైదమ్మ ఊరంతా చెప్పింది. గుర్వయ్య కూడా కాదనలేదు. సోమవారం వచ్చింది, పోయింది. ఇక ఎట్లుందని అడిగేవాళ్లు లేరు. ఫోన్ చేసినప్పుడు పరశురాములు కూడా గొర్రెల సంగతే చెప్పాడు.

ఒక మధ్యాహ్నం వెనకింటి సుక్కమ్మ వచ్చి గడపలో కూర్చుంది. నల్లా దగ్గర నలుగురినీ నవ్వించే మనిషి, ఈ మధ్య నీళ్లకు కూడా రావడం మానేసింది. కొంగు అంచు నలుపుకుంటూ, గొంతు తగ్గించి చెప్పింది.

"పొద్దుగాల కండ్లు తెరవంగనే ఎందుకు తెల్లారిందో అనిపిస్తాంది వదినె. ఒళ్లు మంచిగనే ఉంటది, పానమే మంచిగ లేదు. మా ఇంట్ల చెప్తే జరం లేదు కద అంటరు. నీకెట్ల నయమైందో జర చెప్పు."

మల్లీశ్వరి చటుక్కున ఆమె వైపు తిరిగింది. తను సోమవారానికని దాచుకున్న మాటలవి, ఇంకొకరి నోట్లోంచి వస్తున్నాయి. ఈ ఊళ్లో తనలాంటిది ఇంకొకతె ఉంది. నాకు నయం కాలేదు వదినె, మనిద్దరం కలిసి ఆ డాక్టరమ్మ దగ్గరికి పోదాం అంటే చాలు. కానీ వాకిట్లో సైదమ్మ చేటతో కందిపప్పు చెరుగుతూ చెవి ఇటే పెట్టి ఉంది. ఆమె విన్నదంటే కొడుక్కి ఫోన్ పోతుంది, పరశురాములు మందను సగం మేతలో వదిలేసి పరుగెత్తుకొస్తాడు, మళ్లీ గొర్రెలు కూలబడతాయి. సుక్కమ్మ కళ్లు ఆమె మొహం మీదే ఉన్నాయి.

"గుర్వయ్య బాటిల్ పెట్టిండు," అన్నది మల్లీశ్వరి. "గంతే. నువ్వు గూడ పెట్టించుకో, మంచిగైతది."

సుక్కమ్మ మొహం తేటపడింది. మల్లీశ్వరి రెండు చేతులూ పట్టుకుని, నీ పుణ్యముంటదని చెప్పి లేచింది. కొంగు తల మీదికి లాక్కుని ఎండలో గుర్వయ్య ఇంటి వైపు నడిచింది. సందు మలుపు తిరిగేదాకా సుక్కమ్మ, పిలిస్తే వినపడే దూరంలోనే ఉంది. మల్లీశ్వరి పిలవలేదు.